చేవ్రాలికిని చేతకును నడుమ

తార్నాక నుండి హబ్సిగూడ మీదుగా ఉప్పలునకు బోవు మార్గమున రెండు విధములైన కట్టడములు కానవచ్చును. మొదటివి శాస్త్రశాలలు. జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ-అణు జీవశాస్త్ర కేంద్రము, ఇవి యన్నియు ఆ బాటనే యాశ్రయించి యున్నవి. రెండవది ఉప్పలులోని క్రికెట్టు క్రీడారంగము. ఆ రంగమున తొలి అంతర్జాతీయ ఏకదిన పందెము 2005 నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికా జట్టుతో జరిగెను. సరిగా నాలుగు వారములకు పూర్వము, 2005 అక్టోబరు 19వ తేదీన, పారిసు నగరమున యునెస్కో మహాసభ క్రీడలలో డోపింగును అరికట్టుటకై అంతర్జాతీయ ఒడంబడిక నొకదానిని ఆమోదించెను. ఆనాడు ఉప్పలు పందెమును తిలకించిన జనసమూహమునకు పారిసు వార్త పట్టియుండదు. అయినను శాస్త్రశాలకును క్రీడారంగమునకును విడరాని సంబంధమును కల్పించినది ఆ యొడంబడికయే. ఇట్టి ఒడంబడికలకు చేవ్రాలు చేయుటలో మన ప్రభుత్వ మెంత చురుకు చూపినదో, చేసిన చేవ్రాలును నిలుపుకొనుటలో ఎంత జాగు చేసినదో విచారించుట నేటి మా యుద్దేశము.

ధ్రువీకరణ మనగా నేమో ముందుగా తెలిసికొనవలెను. భూమి గలవారికి ఈ విషయమును బోధించుట కష్టము కాదు. క్రయదస్తావేజు రిజిస్టరైనంత మాత్రమున కొన్నవాడు ఆ చేను దున్నజాలడు. హద్దులు చూపవలెను, పట్టా మార్పు జరుగవలెను, స్వాధీనము కావలెను. రిజిస్టరు కాగితమును పెట్టెలో భద్రపఱచి, చేనును పరుల పాలు చేసి యూరకున్నవానిని గ్రామము నవ్వును. అంతర్జాతీయ ఒడంబడికను ధ్రువీకరించుట రిజిస్ట్రేషను వంటిది. చట్టము, అధికారులు, ప్రయోగశాల, ధనము, బోధన, ఇవి స్వాధీనము వంటివి. మన రాజ్యాంగమున ఒడంబడికలు చేసికొను అధికారము కేంద్ర కార్యనిర్వాహకవర్గమునకు కలదు. ధ్రువీకరణకు ముందు పార్లమెంటు సమ్మతి పొందవలెనను నిర్బంధము లేదు. కావున రిజిస్ట్రేషను సులభము. స్వాధీనమే కష్టము.

మన దేశము క్రీడావిషయమున చేసికొన్న ఒప్పందములలో డోపింగు ఒడంబడిక మొదటిది కాదు. ఒలింపిక్ చిహ్నమైన అయిదు వలయములను వర్తకులు యథేచ్ఛగా వాడుకొనకుండ కాపాడు నైరోబీ సంధి 1981లో పుట్టగా, మన దేశము 1983లోనే అందు చేరెను. క్రీడలలో జాతివివక్షకు వ్యతిరేకముగ ఐక్యరాజ్యసమితి 1985 డిసెంబరులో ఆమోదించిన ఒడంబడికను మనము 1990లో ధ్రువీకరించితిమి. ఈ రెండవదాని చరిత్ర స్మరింపదగినది. దక్షిణాఫ్రికాలోని శ్వేతజాతి ప్రభుత్వము మనవారిని అవమానించుచుండగా, స్వాతంత్ర్యమునకు పూర్వమే 1946లో మన దేశము ఆ దేశముతో వర్తకమును మానుకొనెను. 1974లో డేవిస్ కప్పు టెన్నిసు పోటీల తుదిపందెమునకు మన జట్టు చేరెను. ప్రతిపక్షము దక్షిణాఫ్రికా. ఆడినచో ప్రపంచవిజేతలగు నవకాశ ముండెను. అయినను మన జట్టు ఆడలేదు. కప్పు దక్షిణాఫ్రికాకు పోయెను. దేశము ఒక కప్పును గోల్పోయి తన గౌరవమును నిలుపుకొనెను. అప్పటికి ఏ యొడంబడికయు మనలను నిర్బంధించి యుండలేదు. ముందు ఆచరణము, పిదప చేవ్రాలు; ఇదియే ఆనాటి వరుస. 1991లో ఆ దేశమున మార్పు వచ్చిన పిమ్మట వారి జట్టు కలకత్తాకు వచ్చెను, 2005లో ఉప్పలునకును వచ్చెను. తెలుగు ప్రేక్షకులు వారిని ఆదరించుటకు అర్హత కల్పించినది ఆ పూర్వపు నిరాకరణమే యని మా విశ్వాసము.

డోపింగు విషయమున ఈ వరుస తలక్రిందులైనది. ముందు చేవ్రాలు, పిదప ఎన్నియో యేండ్లకు ఆచరణము.

ఈ యొడంబడిక యెట్లు వచ్చినదో చెప్పెదము. 1998లో ఫ్రాన్సు దేశపు సైకిలు పందెములందు డోపింగు బట్టబయలై లోకమును దిగ్భ్రమ నొందింపగా, మరుసటి సంవత్సరము ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ, అనగా ‘వాడా’, స్థాపింపబడెను. అది ప్రభుత్వశాఖ కాదు. స్విట్జర్లండు చట్టము ననుసరించి ఏర్పడిన యొక ప్రైవేటు సంస్థ. అది వ్రాసిన నియమావళికి క్రీడాసంఘములు లోబడవచ్చును గాని, సర్వసత్తాక రాజ్యములు ప్రైవేటు సంస్థ వ్రాసిన నిబంధనలకు చేవ్రాలు చేయజాలవు. ఈ చిక్కును తీర్చుటకే యునెస్కో ఒడంబడిక పుట్టెను. ముప్పది దేశములు ధ్రువీకరింపగా 2007 ఫిబ్రవరి 1వ తేదీన అమలులోనికి వచ్చెను. మన దేశము 2007 నవంబరు 7వ తేదీన ధ్రువీకరించెను. దానికి మూడు వారముల ముందే, అక్టోబరు నెలలో, మన హైదరాబాదున ప్రపంచ సైనిక క్రీడలు జరిగినవి. ఇన్ని దేశముల యోధులకు ఆతిథ్యమిచ్చిన వెంటనే ఆ యొడంబడికలో చేరుట ఉచితముగనే యుండెను. ఇందు మన ప్రభుత్వమును మెచ్చుకొనవలెను. అమలులోనికి వచ్చిన సంవత్సరమే చేరినవారిలో మనము నుంటిమి.

మెచ్చుకోలు ఇక్కడితో ఆగవలసియున్నది. జాతీయ డోపింగు నిరోధక సంస్థ, అనగా ‘నాడా’, 2005 నవంబరులో సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద ఒక సొసైటీగ నమోదయ్యెను. గ్రంథాలయ సంఘమును, భజన సమాజమును నమోదు చేయు చట్టమదియే. పని యారంభించినది 2009లో. పార్లమెంటు దానికొక చట్టమును ప్రసాదించినది 2022లో. ధ్రువీకరణమునకును చట్టమునకును నడుమ పదునైదు సంవత్సరములు గడచినవి. ఒడంబడికలోని అయిదవ యధికరణము ప్రకారము చట్టమే చేయవలెనను నిర్బంధము లేదు. నిబంధనలచేతను పరిపాలనా పద్ధతులచేతను బాధ్యతను నెరవేర్పవచ్చును. కావున ప్రభుత్వము మాట తప్పినదని మేమనము. చేయవలసినదానిని అతి స్వల్పముగ చేసినదని మాత్రము అనక తప్పదు. సొసైటీకి తలుపు తట్టి సోదాచేయు నధికారము లేదు. మందు అమ్మినవానిని ప్రశ్నించు నధికారము లేదు. దానికి చిక్కువాడు మూత్రపు సీసా చేతబట్టిన క్రీడాకారు డొక్కడే.

ఆ పదునైదేండ్లలో జరిగిన రెండు సంగతులను జ్ఞాపకము చేసెదము. 2010 ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నార్జించిన మహిళా రిలే జట్టులోని వారు మరుసటి యేట నిషిద్ధ ఔషధములను వాడిరని తేలెను. శిక్షకుడు తెచ్చియిచ్చిన జిన్‌సెంగు మందే కారణమని వారు మొఱపెట్టుకొనిరి. శిక్షకుడు ఉద్యోగమును గోల్పోయెను. బాలికలు లోసాను క్రీడా న్యాయస్థానపు తీర్పుచేత రెండేండ్లు ఆటకు దూరమైరి. రెండవది 2016 నాటిది. రియో ఒలింపిక్సునకు ముందు మన మల్లయోధుడు నర్సింగ్ యాదవ్ పరీక్షలో పట్టుబడెను. తన యాహారమున నెవరో మందు కలిపిరని ఆయన చెప్పగా, నాడా విచారణసంఘము నమ్మి నిర్దోషిగ ప్రకటించెను. వాడా అప్పీలు చేయగా, పందెము నాటి ముందు దినమున క్రీడా న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివైచి నాలుగేండ్ల నిషేధము విధించెను. మన యింటి తీర్పు పొరుగింట నిలువలేదు. ఆ యోధుడు దోషియో కాదో నిర్ణయించుట మా పని కాదు. మన విచారణ విధానమునకు లోకమున పరపతి లేకపోవుటయే ఇందు మనకు కలిగిన అవమానము.

ప్రయోగశాల మాట ఇంకను విచారకరము. దేశమునందంతట వాడా గుర్తింపు గల డోపింగు పరీక్షాశాల ఢిల్లీలోని దొక్కటే. అది 2008లో గుర్తింపు పొందెను. 2019 ఆగస్టులో, పరీక్షలు నిర్ణీత ప్రమాణముల కనుగుణముగ లేవని వాడా ఆ గుర్తింపును నిలిపివైచెను. అది తిరిగి లభించినది 2021 డిసెంబరులో. ఆ రెండేండ్లకు మించిన కాలమున మన క్రీడాకారుల నమూనాలు దోహా మొదలగు పరదేశపు ప్రయోగశాలలకు విమానములపై పోయెను. నూటముప్పది కోట్ల జనులు గల దేశము సీసాలోని మూత్రమును పరీక్షించుటకు పరుల యింటికి పంపవలసివచ్చుట స్వరాజ్యమున కొక మచ్చ కాదా? ఒకే దూలముపై ఇల్లు నిలిపినవాడు ఆ దూలము చెదలుపట్టినపుడు వీథిని పడుట సహజము.

2022 జులైలో లోకసభయు, ఆగస్టులో రాజ్యసభయు జాతీయ డోపింగు నిరోధక చట్టమును ఆమోదించెను. నాడాకు చట్టబద్ధమైన ప్రతిపత్తి, సోదాచేయు నధికారము, విచారణసంఘమును, దానిపై అప్పీలుసంఘమును ఏర్పడినవి. అయితే నాడాపై బోర్డునకు పైచేయి గల్పించినందున స్వతంత్రత కొఱవడినదని వాడా ఆక్షేపించెను. 2025 ఆగస్టులో సవరణచట్టము వచ్చెను. దానిచేత నాడా యధికారులు క్రీడాసమాఖ్యలకును ప్రభుత్వశాఖలకును లోబడక పనిచేయవలెనని వ్రాయబడినది. అదే మాసమున క్రీడాసంఘముల పరిపాలనకు సంబంధించిన జాతీయ చట్టమును చేయబడినది. గడచిన మూడేండ్లలో జరిగిన పని అంతకు ముందు పదునైదేండ్లలో జరిగిన పనికి మించినదని నిష్పక్షపాతముగ అంగీకరింపవలెను. కాని ఇంటికి గోడలు లేచినవి గనుక కాపురము కుదిరినదని చెప్పరాదు.

అంకెలను చూతము. వాడా ప్రకటించిన లెక్కల ప్రకారము 2023లో మన దేశమున 5,606 నమూనాలు పరీక్షింపగా 213 దోషయుక్తమని తేలెను. 2024లో 7,113 పరీక్షింపగా 260 తేలెను. అనగా నూటికి మూడున్నరకు మించి. చీనా, జర్మనీ, ఫ్రాన్సు దేశములు మనకంటె మిక్కిలి యెక్కువ పరీక్షలు చేయుచున్నను, 2023లో వారి నిష్పత్తి నూటికి ఒకటికి లోపుగనే యుండెను. పరీక్షలు పెంచితిమి గనుక పట్టుబడువారు పెరిగిరని కొందఱు సమాధానము చెప్పుచున్నారు. సంఖ్య విషయమున అది నిజము. నిష్పత్తి విషయమున అది చాలదు. దొంగలను పట్టు పోలీసును మెచ్చుకొనవలసినదే గాని, ఊరిలో దొంగలు హెచ్చుట ఘనత కాదు.

ఈ అంకెల వెనుక నున్న స్థితిని 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్ పోటీలు లోకమునకు చూపినవి. నాడా యధికారులు మైదానమునకు వచ్చిరని తెలియగానే పోటీదారులు పలువురు మాయమైరి. పురుషుల నూరు మీటర్ల తుదిపరుగున పరుగెత్తినవా డొక్కడే. శౌచాలయములందు వాడి పారవైచిన సిరంజీలు కనబడినవని పత్రికలు చిత్రములతో ప్రకటించెను. ఒక్కడే పరుగెత్తి ప్రథముడైన పందెమును చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. ఆ బాలురలో పలువురు అంతర్జాతీయ ఖ్యాతిని కోరి మందు పుచ్చుకొన్నవారు కారు. ఒక రాష్ట్రస్థాయి పతకము, దానివలన క్రీడాకోటాలో ఒక రైల్వే కొలువో పోలీసు కొలువో లభించునను ఆశయే వారిని ప్రేరేపించినది. ఎకరమో రెండెకరములో గల రైతు తన కుమారునికి పాలు, గ్రుడ్లు పెట్టి, అప్పుచేసి శిక్షకు నొద్దకు పంపును. ఆ శిక్షకుడో, వీథిచివరి వ్యాయామశాల యజమానియో, ‘శక్తిపొడి’ యని డబ్బా నొకదానిని చేతికిచ్చును. డబ్బాపై వ్రాసినది చదువుటకు ఆ బాలునికి రాదు. లోపల నున్నది డబ్బాపై వ్రాసియుండదు. మూడేండ్లకు నాలుగేండ్ల నిషేధము వచ్చిపడును. అప్పటికి చదువును పోయెను, కొలువును పోయెను, కాలేయమును చెడెను, ఎకరమును తాకట్టు పడెను. డబ్బా అమ్మినవాడు మాత్రము మఱొక బాలునికి అమ్ముచునే యుండును.

పట్టణవాసులు ఇది పల్లెటూరివారి యజ్ఞానమని తలపరాదు. 2019లో పృథ్వీ షా యను యువ క్రికెట్టు ఆటగాడు దగ్గుమందున గల టెర్బుటలిన్ అను ద్రవ్యము కారణముగ ఎనిమిది నెలలు నిషేధింపబడెను. ఔషధశాలలో ఎవరికైనను దొఱకు మందది. అంతవరకు నాడా పరీక్షలకు ఒడంబడనని బెట్టుచేసిన క్రికెట్టు బోర్డు ఆ తరువాత కొన్ని దినములకే, 2019 ఆగస్టులో, అంగీకరించెను. దేశము ఒడంబడికను ధ్రువీకరించిన పండ్రెండేండ్లకు దేశమునందు మిక్కిలి ధనవంతమైన క్రీడ దానికి లోబడెను. చట్టము లేనిచోట బలవంతుడు తనకు తోచినపుడు లోబడును. బలహీనుడు మొదటి దినమునుండియే శిక్ష ననుభవించును. ఒడంబడికను చట్టముగ మార్చుటలో జాగుచేసినచో కలుగు అన్యాయమునకు ఇంతకన్న నిదర్శన మేల?

ఇచ్చట స్వదేశాభిమానులు కొందఱు వేయు ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. మాంట్రియలులో కూర్చున్న సంస్థయు, లోసానులో కూర్చున్న న్యాయస్థానమును మన బిడ్డల భవిష్యత్తును నిర్ణయించుట పరాధీనత కాదా యని వారడుగుచున్నారు. ఈ ప్రశ్నను మేము తేలికగ త్రోసివేయము. పరదేశపు న్యాయస్థానమున వాదించుటకు వలయు ధనము పేద క్రీడాకారునికి లేదు. మణిపురమునకు చెందిన యొక బరువుల క్రీడాకారిణిపై 2018లో మోపబడిన యభియోగమును అంతర్జాతీయ సమాఖ్య 2020లో ఉపసంహరించుకొనెను. తరువాతి కాలమున ఆమె వేఱొక పరీక్షలో పట్టుబడినమాట వేఱు. మొదటి యభియోగము నాటి రెండేండ్లను ఆమెకు తిరిగి యిచ్చువారు లేరు. కావున పరుల సంస్థలు తప్పులు చేయవని మేమనము. కాని దీనికి మందు ఒడంబడికను వీడుట కాదు. మన విచారణ, మన ప్రయోగశాల, మన న్యాయసహాయము లోకము వ్రేలు చూపలేనంత దృఢముగ నున్నచో పరాయి న్యాయస్థానము మెట్లెక్కు నవసరమే అరుదగును. స్వాతంత్ర్యమనగా నియమము లేకుండుట కాదు. నియమమును మనమే ముందుగ, పరులకంటె చక్కగ, అమలుచేయుట.

ఇక చేవ్రాలే కాని యొడంబడిక యొకటి కలదు. క్రీడాపందెములను ముందుగనే కుదుర్చుకొని ఫలితములను తారుమారు చేయుటకు వ్యతిరేకముగ ఐరోపా మండలి ఆధ్వర్యమున 2014 సెప్టెంబరులో స్విట్జర్లండులోని మాకోలిన్ గ్రామమున నొక ఒడంబడిక పుట్టెను. 2019 సెప్టెంబరు 1న అమలులోనికి వచ్చెను. ఐరోపావెలుపలి దేశములును అందు చేరవచ్చును; ఆస్ట్రేలియా 2019లో చేవ్రాలు చేసెను. మన దేశము చేయలేదు. పందెముల కుట్రలవలన మనకంటె నష్టపడిన దేశ మేది? 2000లో దక్షిణాఫ్రికా నాయకుడు హాన్సీ క్రోన్యే కుట్రను వెలికిదీసినది ఢిల్లీ పోలీసులే. ఆ సంవత్సరమే మన హైదరాబాదీయుడగు మహమ్మద్ అజారుద్దీనుపై బోర్డు జీవితకాల నిషేధము విధించెను. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము చెల్లదని తీర్పుచెప్పెను. పండ్రెండేండ్లు ఒక మనుష్యుడు దోషియో నిర్దోషియో తేలక మధ్యను వ్రేలాడెను. నేరమును నిర్వచించు శాసనము లేనిచోట దోషికి శిక్ష నిలువదు, నిర్దోషికి కీర్తి నిలువదు. 2013లో క్రీడామోస నివారణకై కేంద్రము ఒక చిత్తుబిల్లును తయారుచేసెను. అది చట్టము కాలేదు. 2018లో న్యాయశాసనసంఘము తన 276వ నివేదికలో పందెముల కుట్రను నేరముగ ప్రకటింపవలెనని సిఫారసు చేసెను. 2022 జనవరిలో పొరుగున నున్న కర్ణాటక హైకోర్టు, పందెమును కుదుర్చుకొనుట శిక్షాస్మృతిలోని మోసపునేరము క్రిందికి రాదని తీర్పుచెప్పెను. ఇంతకన్న స్పష్టముగ న్యాయస్థానములు శాసనసభలను మేల్కొలుపజాలవు.

కేంద్రము చూపు సాకు మనకు తెలిసినదే: క్రీడలును జూదమును రాజ్యాంగపు రెండవ పట్టికలో రాష్ట్రముల యధీనమున నున్నవి. నిజమే. కాని అదే రాజ్యాంగపు 253వ అధికరణము అంతర్జాతీయ ఒప్పందములను అమలుపఱచుటకై ఏ విషయముపైనైనను శాసనము చేయు నధికారమును పార్లమెంటునకు ప్రసాదించినది. ఒడంబడికలో చేరినచో ఆ యధికారము తానుగా లభించును. రాష్ట్రములు చేతులు ముడుచుకొని లేవు. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను జూదపు చట్టములను సవరించి ఆన్‌లైను పందెములను నిషేధించినవి. 2025 ఆగస్టులో కేంద్రమును ధనముతో ఆడు ఆన్‌లైను ఆటలపై శాసనము చేసెను. కాని పందెము కాయువానిని పట్టుట వేఱు, పందెమును అమ్ముకొను ఆటగానిని పట్టుట వేఱు. మొదటిది జరిగినది, రెండవదానికి సూటియైన శాసన మింకను కావలసియున్నది.

మేము ప్రభుత్వములకు చేయు సూచనలు నాలుగు.

క్రీడావిషయమున కేంద్రము ధ్రువీకరించు ప్రతి యొడంబడికను, దాని అమలునకు గడువులు నిర్ణయించిన పట్టికతోకూడ, ఆరునెలలలోగా పార్లమెంటు ముందుంచవలెను. పదునైదేండ్ల జాగు మఱల సంభవింపకుండుటకు వేఱు మార్గము లేదు.

మాకోలిన్ ఒడంబడికలో చేరవలెను. చేరుట కిష్టము లేనిచో కారణములను ప్రజలకు చెప్పవలెను. చేరినను చేరకున్నను క్రీడామోసమును నేరముగ నిర్వచించు శాసనమును చేయవలెను.

ఔషధములను అమ్మువారిపై దృష్టి సారింపవలెను. యునెస్కో ఒడంబడికలోని ఎనిమిదవ అధికరణము నిషిద్ధద్రవ్యముల లభ్యతను అరికట్టుమని రాజ్యములను కోరుచున్నది. పదవది పోషకపు పొడుల వర్తకమున మంచి పద్ధతులను ప్రోత్సహింపుమని చెప్పుచున్నది. 2022 చట్టమును వ్రాసినపుడు క్రీడాకారునికి నిషేధము వ్రాయబడినది గాని, బాలునికి సూదిమందు అమ్మిన వర్తకునికి కారాగారము వ్రాయబడలేదు. ఈ లోపమును పూరింపవలెను.

నాలుగవది మన బాటకు సంబంధించినది. హబ్సిగూడ పరిసరములందలి శాస్త్రశాలలలో సూక్ష్మాతిసూక్ష్మ పరిమాణమున ద్రవ్యములను గుర్తించు విద్య దశాబ్దములుగ నెలకొనియున్నది. అందలి రసాయన సాంకేతిక సంస్థకు చెందిన విశ్లేషణశాల రసాయనాయుధ నిషేధ సంస్థ గుర్తింపును పొందియుండెను. అనగా ఈ బాటలోని ప్రయోగశాల వేఱొక అంతర్జాతీయ ఒడంబడికకు ఇదివఱకే సేవచేసినది. పోషకాహార సంస్థయో ఆహారపదార్థముల గుణదోషములను నిర్ణయించుటయే పనిగ గలది. వాడా గుర్తింపు పొందుటకు స్వతంత్ర పరిపాలనమును, ఏటేట వేలకొలది నమూనాల పరీక్షయు కావలెను గనుక అది ఒక్క దినమున కాదు. మొదట తెలుగునాట నమ్మబడు పోషకపు పొడులను పరీక్షించి ఫలితములను తెలుగున ప్రకటించు పనిని ఇచ్చట ఆరంభింపవచ్చును. పిదప దక్షిణదేశమునకు రెండవ డోపింగు పరీక్షాశాలను ఇచ్చటనే నెలకొల్పుటకు కేంద్రమును, తెలంగాణ ప్రభుత్వమును ఆలోచింపవలెను. ఢిల్లీ శాల మఱల మూతబడినచో నమూనాలు దోహాకు పోక ఉప్పలు బాటకు వచ్చును.

ప్రభుత్వములకు చెప్పి పాఠకులకు చెప్పకుండుట న్యాయము కాదు. సంక్రాంతికిని జాతరలకును గ్రామములందు కబడ్డీ పందెములను నడపువారు, బహుమానముల నిచ్చువారు మన భూస్వాములే. పట్టణములందు పాఠశాలల పాలకవర్గములలోను, క్రీడాసంఘములలోను కూర్చున్నవారు మన విద్యావంతులే. బహుమానము నిచ్చువానికి నియమము విధించు హక్కు కలదు. ముద్రవిప్పిన డబ్బాలతో, పేరులేని సూదిమందులతో వచ్చు శిక్షకుని మైదానమున అడుగిడనీయకుడు. ఏయే ద్రవ్యములు నిషిద్ధములో తెలుపు కాగితమును తెలుగున అచ్చొత్తించి వ్యాయామశాల గోడపై నంటింపుడు. దగ్గుమందు కొనునపుడు సయితము వైద్యుని అడుగుమని బిడ్డలకు నేర్పుడు. కరణం మల్లేశ్వరి శ్రీకాకుళపు పల్లె నుండి వెడలి 2000లో సిడ్నీ నగరమున కాంస్యపతకమును గొనివచ్చినపుడు తెలుగుదేశ మంతయు పొంగిపోయెను. అట్టి బాలిక మఱొకతె ఈనాడు ఏ పల్లెలోనో బరువులెత్తుచుండును. ఆమె చేతికి ముందుగ అందునది విజ్ఞానమా, డబ్బాయా యనునది మన పూనికపై నాధారపడియున్నది.

2030 సంవత్సరపు కామన్వెల్తు క్రీడలు అహమ్మదాబాదునకు లభించినవి. 2036 ఒలింపిక్సును కోరుచు మన దేశము 2024 అక్టోబరులో లేఖ వ్రాసినది. అతిథులను పిలిచినవాడు ముందుగ తన యిల్లు చక్కబెట్టుకొనవలెను. క్రీడారంగములను కట్టుటకు కోట్లు వెచ్చించుట సులభము. ఆ రంగములందు గెలిచిన పతకము మఱునాడు తిరిగి యీయవలసిన అవసరము లేకుండునట్లు చేయుట కష్టము. 1974లో ఒక్క చేవ్రాలు లేకయే మనము ధర్మమునకై కప్పును వదలుకొంటిమి. నేడు చేవ్రాళ్ళు కలవు, చట్టము కలదు, విజ్ఞానము కలదు. లేనిది పట్టుదల యొక్కటే. దానిని మాత్రము ఏ యొడంబడికయు పరదేశమునుండి తెచ్చియీయజాలదు. అది మన పార్లమెంటునందును, మన మైదానములందును, మన యిండ్లయందును పుట్టవలెను.